బాలయ్య దించిన బండి

21 ఫిబ్రవరి 2016, ఆదివారం, అచ్చంపేట. ఉన్నవాళ్లు: పక్కింటి బాలయ్య, ఆయన భార్య ఎల్లమ్మ, మిస్త్రీ సలీం, నేను.

ఇవాళ పొద్దున గల్లీ మొదట్లో ఎవరిదో కారు అడుగుభాగం స్పీడ్ బ్రేకరుకు రాసుకుంది. ఇనుము సిమెంటును గీరిన ఆ చప్పుడు వినగానే చాయ్ గ్లాసు కింద పెట్టి పాత డైరీ తీశాను. పై వరుస అందులోదే. అంతకుమించి రాసుకోలేదు. ఏదైనా మరిచిపోతే అడగడానికి అప్పట్లో గోడ అవతల బాలయ్య ఉండేవాడు.

ఆయన పాత పికప్‌లో గొర్రెలను సంతలకు తోలేవాడు. పక్క సీటు ఎల్లమ్మది. పక్షవాతంతో ఆమె ఎడమకాలు పడిపోయాక, ఒకసారి కోస్గి సంతలో ఇద్దరు మగవాళ్లు చంకల కింద చేతులు వేసి ఆమెను బండిలోకి ఎక్కించారు. జనం నిలబడి చూశారు. ఆ తరువాత ఆమె గడప దాటలేదు. స్టూలు వేస్తానన్నా వద్దంది. పక్క సీటు మీద బాలయ్య తువ్వాలు ఒక్కటే పోయి వచ్చేది.

నా భార్య పోయి నేనూ ఒంటరిగానే ఉన్నాను. ఆఫీసు ఉద్యోగం చేసి రిటైరైనవాణ్ని, సలహా చెప్పడం అలవాటు. "నచ్చజెప్పు బాలయ్యా. సాయం తీసుకోవడానికి సిగ్గెందుకు?" అన్నాను.

"నచ్చజెప్పేదేముంది సారు? గామెకు సిగ్గయితాంది. బండి ఎత్తున్నది. బండినే దించుత."

ఆ ఆదివారం సలీం బండిని జాకీ మీద లేపి, బరువు మోసే కమాను పట్టీల్లో ముందూ వెనకా కొన్ని ఊడదీశాడు.

"చాచా, మళ్ల చెప్తున్న. గిప్పుడిది లోడు మొయ్యది. గొర్ల కిరాయి పోతది."

"గొర్లు ఇంకో బండెక్కుతయి. ఈమె ఎక్కదు కద."

సాయంత్రం ఎల్లమ్మ బండికి వీపు తిప్పి, సీటు అంచున కూర్చుని, ఎడమకాలును తన చేత్తోనే లోపలికి తెచ్చుకుంది. ఎవరమూ ముట్టుకోలేదు.

"చూసినవా సారు," అంది నాతో, "నన్ను లేపే బలం లేక గీయన బండిని పొట్టి చేసిండు."

ఇద్దరూ ఇప్పుడు లేరు. గోడ అవతల తాళం వేలాడుతోంది. ఎవరైనా తమ ఇబ్బంది చెప్పుకుంటే, నేను ఇప్పుడు మనిషికి సలహా చెప్పే ముందు గడప ఎత్తు, మంచం ఎత్తు చూస్తాను. ఆ చూపు బాలయ్య ఇచ్చిందే.

బండి దించిన మర్నాడు పొద్దున వాళ్లు కొల్లాపూర్ వైపు కృష్ణా నదిని చూడటానికి బయలుదేరారు. గల్లీ మొదట్లో బండి కడుపు స్పీడ్ బ్రేకరుకు ఆనుకుని ఆగిపోయింది. ఎల్లమ్మ దిగితే దాటేదేమో. హోటల్ ముందు చాయ్ తాగేవాళ్లంతా ఇటే చూస్తున్నారు. దిగమని బాలయ్య అనలేదు, నేనూ అనలేదు. ఇంటికి వెళ్లి గడ్డపార తెచ్చాను.

బాలయ్య బండిని వెనక్కి తీసి, "గిది మీరు దరఖాస్తు పెట్టి ఏయించిందే కద సారు," అన్నాడు.

"అవును," అంటూ బ్రేకరు నడిమి భాగం పగలగొట్టాను.

ఆ గంటు ఇంకా అలాగే ఉంది. తెలియని బండ్లు దాన్ని తప్పించబోయి గీరుకుంటాయి.

"జర పక్కకు జరుగు సారు, కాలు మీదికెల్లి పోతది," అంది ఆ పొద్దున ఎల్లమ్మ కిటికీలోంచి. జరిగాను. బండి ఆ గంటు మీదుగా మెల్లగా దాటి మలుపు తిరిగింది. ఆ సీటు మీద తువ్వాలు లేదు. చప్పుడు వినపడినంతవరకూ గడ్డపార పట్టుకుని అక్కడే నిలబడ్డాను.