తలుపు ముందు గోల్‌కీపర్

ఎవరైనా గొంతు పెంచితే ఇప్పటికీ నేను ముందు వాళ్ళ కాళ్ళకేసి చూస్తాను.

ఒకసారి జెర్సీ సిటీలో ట్రైన్ ఎక్కితే పక్కన ఒక తెలుగు అంకుల్ తగిలారు. బ్యాంక్‌లో గుమాస్తా ఉద్యోగం చేస్తూనే ఎండాకాలం క్రికెట్, వానాకాలం ఫుట్‌బాల్ ఆడేవారట. నేషనల్స్‌లో మన రాష్ట్రానికి గోల్‌కీపరట.

దారిలో నది కింద టన్నెల్‌లో ట్రైన్ ఆగిపోయింది. ఒకతను తలుపు లాగి దూకేస్తానని అరుస్తూ లేచాడు. అందరం బిగుసుకుపోయాం. అంకుల్ మాత్రం వెళ్ళి తలుపుకి అడ్డంగా, చేతులు చాచి నిలబడ్డారు. మొహం చూడలేదు, అతని బూట్లే చూశారు. అతనెటు కదిలితే అటే కదిలారు. అతని మీద చెయ్యి వెయ్యనే లేదు. చివరికి ట్రైన్ కదిలింది, అతను కూలబడ్డాడు.

"ఎటొస్తాడో ఎలా తెలిసింది అంకుల్?"

"కాళ్ళు అబద్ధం చెప్పవమ్మా," అంటూ సీట్లో కూర్చున్నారు. కాసేపటికి గొంతు తగ్గించి, "స్టేషన్ రాగానే చెయ్యి పట్టి లేపుతావా? మోకాళ్ళు పట్టేశాయి," అన్నారు.