దగ్గు ఆగిన ఇల్లు

శారమ్మ పుట్టింది నవీపేట్‌లో. జయరాజ్‌ను పెళ్లాడి బోధన్ వచ్చాక ఆడపిల్లల హాస్టల్లో వంటపని దొరికింది. మధ్యాహ్నం పోతే, రాత్రి పిల్లలందరికీ వడ్డించి, వంట గంజులు కడిగించి, వంటగదికి తాళం వేసి గాని ఇల్లు చేరేది కాదు. మనిషి గట్టిది. ఓసారి మరుగుతున్న పప్పు గంజు ఒరిగిపోతుంటే, పిల్లలు కెవ్వుమని పరుగెత్తుతుంటే, కొంగు చేతికి చుట్టుకుని దాన్ని ఒక్కతే నిలబెట్టింది. అలాంటి శారమ్మకు భయమంటే ఏమిటో కొడుకు దగ్గు నేర్పింది.

పెళ్లయిన చాలా ఏళ్లకు పుట్టిన కొడుకు. చర్చిలో పాస్టరుగారు హనోకు అని పేరు పెట్టారు. ఆ రోజు ఇంటికొచ్చాక అత్త భూమవ్వ మొహం ముడుచుకుంది.

"సావకుండనే దేవుడు తోల్కపోయినాయన పేరట గది. పోరనికి గా పేరెందుకు?"

జయరాజ్ నవ్వేశాడు. శారమ్మా నవ్వింది గాని, ఆ మాట ఆమె లోపల ముల్లులా దిగి ఉండిపోయింది.

భూమవ్వ భర్త సత్యానందం బతికినన్నాళ్లు చర్చిలో గంట కొట్టేవాడు. మహా నియమం మనిషి. కల్లు, బీడీ, పేకాట ఇంటి గడప తొక్కడానికి వీల్లేదు. ఆయన పోయి చాలా కాలమైనా గోడ మీద ఫోటో ఉంది, నియమమూ ఉంది. అలాగని శారమ్మ అనుకునేది.

తొంభై ఆరు చలికాలం అది. చెక్కర ఫ్యాక్టరీలో సీజన్ మొదలైంది. రోడ్ల నిండా చెరుకు బండ్లు, గాలి నిండా మడ్డి వాసన. జయరాజ్‌కు అక్కడ ఎక్కువగా రాత్రి షిఫ్టే పడేది. ఏడాదిన్నర హనోకు గోడ పట్టుకుని నడుస్తూ, కనిపించిన ప్రతిదాన్నీ "అవ్వ" అని పిలుస్తున్నాడు. దసరా వెళ్లాక వాడికి జలుబు చేసింది. జలుబు పోయింది. దగ్గు మాత్రం పోలేదు.

పగలు ఏమీ ఉండదు. ఆడతాడు, తింటాడు. దీపం తగ్గించి పడుకోబెట్టగానే మొదలయ్యేది. ఎండు కట్టె విరిచినట్టు ఒక దగ్గు, కాసేపటికి ఇంకొకటి, ఆ తర్వాత ఊపిరి తీసుకునే సందు లేకుండా వరస. మొహం ఎర్రబడి, కళ్లు నీళ్లు కారి, చివరికి తాగిన పాలు కక్కుకుంటే గాని ఆగేది కాదు. శారమ్మ వాణ్ణి భుజాన వేసుకుని తలుపుకు, పొయ్యికి మధ్య తిరుగుతూనే ఉండేది. వాము వేయించి గుడ్డలో కట్టి కాపడం పెట్టింది. తమలపాకుకు ఆముదం రాసి వెచ్చజేసి ఛాతీ మీద వేసింది. అల్లం రసం తేనెలో నాకించింది. బజారులోని డాక్టరు ముందు ఎర్ర సిరప్పు ఇచ్చాడు, తర్వాత పసుప్పచ్చది ఇచ్చాడు. పాస్టరుగారు నెత్తిన చెయ్యి పెట్టి ప్రార్థన చేశారు. దగ్గు దేనికీ లొంగలేదు.

పక్కింటి రేణుకమ్మ గోడ అవతల నుంచి అడిగేది. "ఏందక్కా, రాత్రంత దగ్గుడేనా పోరడు? గింత దగ్గు నేను యాడ సూడలే."

ఓ రాత్రి కొడుకును ఊపుతూ శారమ్మ నిలబడే కునికింది. పిల్లవాడు చేతుల్లోంచి జారబోతుంటే భూమవ్వ అందుకుంది. "నువ్వు గూడ పడిపోతవ్ బిడ్డా. ఇగ నేను సూస్తతీయ్," అంది. ఆ ముసలి మొహంలో అంతులేని జాలి. ఆ జాలిని చూసి శారమ్మకు ఏడుపొచ్చింది.

అటు తర్వాత కొద్ది రోజులకే, క్రిస్మస్ పాటల వాళ్లు ఇల్లిల్లూ తిరిగే రోజుల్లో, దగ్గు ఆగిపోయింది.

హాస్టల్ నుంచి వచ్చేసరికి హనోకు నానమ్మ ఒళ్లో నిద్రపోతున్నాడు. శారమ్మ తిని పడుకుంది. దగ్గు కోసం చెవులు రిక్కించుకుని ఉంది. రాలేదు. తెల్లారి అత్తను అడిగింది.

"ఏం తాపినవ్ అత్తమ్మా?"

"వాము నీళ్లే. జర ఎక్కువ మరగబెట్టిన."

ఆ ఆదివారం శారమ్మ చర్చిలో లేచి నిలబడి, కళ్ల నీళ్లతో సాక్ష్యం చెప్పింది. అందరూ స్తోత్రం అన్నారు. భూమవ్వ తల దించుకుని కూర్చుంది.

మొదట్లో శారమ్మకు ఆ నిశ్శబ్దం అమృతంలా ఉంది. వారం పది రోజులు పోయాక అదే నిశ్శబ్దం ఆమెను నిద్రలేపడం మొదలుపెట్టింది. దగ్గు ఉన్నప్పుడు కనీసం పిల్లవాడు ఉన్నాడని తెలిసేది. ఇప్పుడు చీకట్లో చెయ్యి చాపి, ముక్కు దగ్గర వేలు పెట్టి, ఊపిరి తగిలేదాకా తను ఊపిరి బిగబట్టుకునేది. పక్క మార్చినా కదిలేవాడు కాదు. చెయ్యి ఎత్తి వదిలితే గుడ్డపీలికలా పడేది.

పగలు కూడా వాడు మునుపటి హనోకులా లేడు. ఎండ బాగా ఎక్కాక లేచేవాడు. లేచినా కళ్లు మసకగా, ఎవరి వంకా కాదు, ఎటో చూస్తున్నట్టు. అన్నం ముద్ద నోట్లోనే ఉంచుకుని మింగడం మర్చిపోయేవాడు. గోడ పట్టుకుని నడవడం మానేశాడు. "అవ్వ" అనడం కూడా మానేశాడు. వాడి నోటి దగ్గర పులిసిన వాసన వస్తే, పాలు అరగలేదేమో అనుకుంది.

"గిట్ల మత్తుగ ఉంటున్నడేంది?" అని జయరాజ్‌తో అంది.

"ఇన్ని దినాలు నిద్ర లేకపాయె గదా. నిద్ర తీర్సుకుంటున్నడు," అన్నాడు అతను. షిఫ్టు నుంచి వచ్చి, అతనూ నిద్రకు పడిపోతున్నాడు.

ఒకటి మాత్రం ఆమె గమనించి కూడా అర్థం చేసుకోలేకపోయింది. సెలవు రోజుల్లో ఆమె ఇంట్లో ఉంటే, పొద్దు వాలుతుండగా హనోకు ఊరికే చికాకు పడేవాడు. తల్లి ఎత్తుకున్నా ఆగడు. నానమ్మ వైపు చేతులు చాపుతాడు. భూమవ్వ వాణ్ణి చంకన వేసుకుని "గల్లీ తిప్పుకొస్త" అని పోయేది. తిరిగి వచ్చేసరికి పిల్లవాడు భుజం మీద తల వాల్చేసి ఉండేవాడు.

సంక్రాంతి దాటిన ఓ వారం, ఊరి మీదికి ఏదో వచ్చి పడ్డట్టయింది. కల్లు దుకాణాలకు ఆబ్కారీ వాళ్లు తాళాలు వేశారు. కల్లులో ఏవో పొడులు కలుపుతున్నారని, డ్రమ్ములు రోడ్డు మీద పారబోశారని హాస్టల్లో చెప్పుకున్నారు. మరునాటికే గల్లీల్లో మనుషులు మనుషుల్లా లేరు. రిక్షా తొక్కే హన్మండ్లు చౌరస్తాలో కూర్చుని, ఒంటి మీద లేని పురుగుల్ని ఏరి పారేస్తున్నాడు. చొక్కా చింపేసుకున్నాడు. ఒకామె గోడకేసి తల కొట్టుకుంటుంటే ఇద్దరు పట్టుకుని నిలబడ్డారు. శారమ్మ కొంగు బిగించుకుని, చూపు తిప్పుకుని గబగబా నడిచింది. మన ఇంట్లో ఆ బాధ లేదు, దేవునికి స్తోత్రం అనుకుంది.

ఇంటి తలుపు తీసి ఉంది. లోపల దీపం పెద్దగా వెలుగుతోంది. హనోకు నిద్రపోలేదు. గొంతు చీలిపోయేలా ఏడుస్తున్నాడు. ఏడుపు మధ్యలో దగ్గు. అదే దగ్గు, కానీ ఇప్పుడు ఎండు కట్టె విరిచినట్టు లేదు. లోపల బురదలో ఏదో కదిలినట్టుంది. భూమవ్వ వాణ్ణి ఎత్తుకుని గది చుట్టూ తిరుగుతోంది. ఇద్దరి ఒళ్లూ చెమటతో తడిసిపోయి ఉన్నాయి.

"నీళ్లు తాపుదామంటే తాగుతలేడు," అంటూ భూమవ్వ గ్లాసు అందుకుంది. ఆమె చేతిలోని చెంచా గ్లాసుకు టకటకా కొట్టుకుంది. అంతలో మూల వైపు చూసి, "మీ మామ అచ్చిండు, కుర్సీ ఎయ్యి," అంది మామూలు గొంతుతో.

ఆ మూలలో ఎవరూ లేరు. ఏడుపు విని రేణుకమ్మ వచ్చి గడపలో నిలబడింది.

"భయపడకక్కా. కల్లు లేకనే ముసల్ది గట్ల జేస్తుంది. అందరి ఇండ్లల్ల గదే కత."

"మా అత్త కల్లు తాగుడేంది?"

రేణుకమ్మ తెల్లబోయింది. "నీకెర్కలేదా? రోజు పొద్దూకంగ నేనే గదా తెచ్చిస్త. శానేండ్ల సంది."

శారమ్మ అత్త చేతిని చూసింది. ఆ చేతి పక్కనే కొడుకు చెయ్యి. లావు వేళ్లు, లేత వేళ్లు, రెండూ ఒకే తీరుగా వణుకుతున్నాయి. ఆమెకు ఇంకెవరూ ఏమీ చెప్పనక్కరలేకపోయింది.

"అత్తమ్మా, పోరనికి ఏం తాపినవ్?"

భూమవ్వ ఇంకా ఆ మూల వైపే చూస్తోంది. శారమ్మ పిల్లవాణ్ణి లాక్కుని మళ్లీ అడిగింది.

"చెంచెడే బిడ్డా," అంది భూమవ్వ. "దగ్గుకు మంచిదని తాపిన. తెల్లారి వరకు సప్పుడు జెయ్యకపాయె. మల్ల రెండు చెంచలు. గంతే. నీ తిప్పలు గూడ సూడబుద్ధి కాకపాయె."

బస్సుల్లేని ఆ రాత్రి ఎలాగో గడిచింది. తెల్లారుతుండగా షిఫ్టు ముగించుకుని వచ్చిన జయరాజ్ సైకిల్ పట్టుకుని వాకిట్లోనే నిలబడిపోయాడు. రేణుకమ్మ అతనికి దారి చూపింది. "బార్డర్ అవతల బిలోలి దిక్కు పోయినోళ్లు కల్లు తెచ్చిండ్రట అన్నా. ఓ సీసా దొర్కుతది. చెంచెడు పోస్తే పోరడు ఊకుంటడు."

జయరాజ్ సైకిల్ మళ్లించాడు. తల్లి ఒకవైపు, కొడుకు ఒకవైపు అలా వణుకుతుంటే ఏ మనిషి నిలబడగలడు?

"పోకు," అంది శారమ్మ.

"సచ్చిపోతడే వాడు!"

"దాంతోనే సస్తడు. బస్సుకు దవాఖానకు పోదాం. పోకుమన్న గదా!"

అత్తను చూసుకొమ్మని రేణుకమ్మకు చెప్పి, మొదటి బస్సుకు నిజామాబాద్ బయల్దేరారు. ఎడపల్లి దాటుతుండగా హనోకు ఒళ్లు కట్టెలా బిగుసుకుంది. కనుగుడ్లు పైకి పోయాయి. బస్సులో ఆడవాళ్లు కేకలు పెట్టారు. ఆ తర్వాత డ్రైవరు ఏ స్టేజీలోనూ ఆపలేదు. ఆస్పత్రి ముందుకే తెచ్చి నిలబెట్టాడు.

మెట్లెక్కుతూ జయరాజ్ గుసగుసగా అన్నాడు. "కల్లు ముచ్చట చెప్పకు. చర్చిల తెలిస్తే ఇజ్జత్ పోతది."

పిల్లల వార్డులో డాక్టరమ్మ "ఏమైంది?" అనగానే, శారమ్మ మొదటి మాటగా అదే చెప్పింది. ఎప్పటి నుంచి తాపారో, ఎప్పుడు ఆగిపోయిందో, తనకు తెలిసినంతా చెప్పింది. డాక్టరమ్మ తిట్టలేదు. ఆ నిమిషం ఆమెకు తిట్టే తీరిక లేదు. పిల్లవాడికి సూది వేశారు, మూతికి ఆక్సిజన్ పెట్టారు, ఛాతీకి ఎక్స్‌రే తీశారు.

"మంచి పని చేశావమ్మా చెప్పి," అంది తర్వాత. "లేకపోతే నేను ఇంకేదో అనుకుని ఇంకో వైద్యం చేసేదాన్ని. ఆ కల్లులో నిద్రమందు కలుపుతున్నారు. అది ఒంటికి అలవాటై, ఒక్కసారిగా ఆగేసరికి ఫిట్స్ వచ్చాయి. దగ్గేమో ఆయాసం దగ్గు, సరైన మందిస్తే తగ్గేదే. ఆ దగ్గే కఫాన్ని బయటికి తోసేది. మత్తులో వాడికి దగ్గే శక్తి లేకపోయింది. కఫమంతా కుడివైపు ఊపిరితిత్తిలో నిలిచిపోయింది."

"బతుకుతడా అమ్మా?"

"చూద్దాం. ఆ ముసలామెను కూడా తీసుకురండి. అలా వదిలేస్తే ఆమె ప్రాణానికీ ప్రమాదమే."

జయరాజ్ వెనక్కి పరుగెత్తాడు. ఇంట్లో భూమవ్వ లేదు. రేణుకమ్మ నీళ్లకు పోయి వచ్చేలోపల వెళ్లిపోయిందట. వెతగ్గా వెతగ్గా సాలూర రోడ్డు మీద, ఆగి ఉన్న చెరుకు బండ్ల పక్కన దొరికింది. కాళ్లకు చెప్పుల్లేవు. చేతిలో పిల్లవాడి చిన్న గిలాస పట్టుకుని ఉంది. "పోరడు ఏడుస్తుండు, కల్లుకు పోతున్న," అని బండివాళ్లకు చెబుతోందట.

ఆస్పత్రిలో హనోకు చాలా రోజులు ఉన్నాడు. రెండుసార్లు వాడు మిగలడనే అనుకున్నారు. జ్వరం దిగి, దగ్గి దగ్గి కఫం తెగి, చివరికి ఒకనాడు తల్లి వేలు గట్టిగా పట్టుకున్నాడు. పెద్దవాళ్ల వార్డులో భూమవ్వకు కూడా తెలివి వచ్చింది. శారమ్మ గంజి తీసుకుపోతే మొహం గోడకు తిప్పుకుంది.

"మా అవ్వ నాకు తాపింది. నేను జయరాజుకు తాపిన," అంది అలాగే గోడ వైపు చూస్తూ. "గప్పుడది చెట్టు మీదికెల్లి దించిన కల్లు. గీళ్లేం కలుపుతున్నరో నాకేమెర్క బిడ్డా?"

గంజి చల్లారుతోందని మాత్రం అంది శారమ్మ.

ఇంటికి పంపేముందు శారమ్మ డాక్టరమ్మను అడిగింది, "తెలివికేమన్న దెబ్బ తాకిందా?" అని. ఆమె "ఇప్పుడే చెప్పలేం. పెరుగుతుంటే తెలుస్తుంది," అంది.

ఎండాకాలం రాకముందే దుకాణాలు మళ్లీ తెరిచారు. గల్లీ మళ్లీ మామూలైంది. హన్మండ్లు రిక్షా తొక్కుతున్నాడు. కొన్నాళ్లకు భూమవ్వ కూడా పొద్దూకితే కనిపించకుండా పోవడం మొదలుపెట్టింది. ఎక్కడికని శారమ్మ అడగలేదు. అత్తను ఇంట్లోంచి పొమ్మననూ లేదు. పిల్లవాణ్ణి మాత్రం ఆమె దగ్గర వదలలేదు. హాస్టల్ వంటగదిలో ఒక మూల చాప వేసి, తన కళ్లెదుట కూర్చోబెట్టుకుని వంట చేసింది. భూమవ్వ ఇంకో మూడేళ్లు బతికింది. మనుమణ్ణి ఎత్తుకోవాలని చేతులు చాపి, కోడలి మొహం చూసి దించేసుకునేది.

హనోకు ఆలస్యంగా నడిచాడు. మాటలు మరీ ఆలస్యంగా వచ్చాయి. బడిలో వేశాక శారమ్మ వారానికోసారి పంతులమ్మ దగ్గరికి పోయి నిలబడేది.

"మా పోరడు మర్సిపోతున్నడా మేడం? నిన్న చెప్పింది ఇయ్యాల యాదికుంటలేదా?"

"పిల్లలందరూ మర్చిపోతారమ్మా," అని పంతులమ్మ నవ్వేది.

శారమ్మ నవ్వేది కాదు. "అందరు గింతే మర్సిపోతరా?" అని అడిగేది.