ముందు ఇందాం అన్న మనిషి

అనంతగిరి కాఫీ ఆఫీసులో నెట్‌వర్క్ ఆగినప్పుడల్లా మేనేజరు నన్నే అనుమానించేవారు. నేను సినిమాలు చూస్తున్నానని తేలితే ఉద్యోగం పీకేస్తానన్నారు.

విశాఖ నుంచి పాసింజరు బండిలో ఒక ఇంజనీరు వచ్చాడు. ఎవరేం చెప్పబోయినా, ముందు విందాం అనడానికి తన యాసలో అతనిది ఒకటే మాట: "ఆగండి, ముందు ఇందాం."

ఒక్క వైరూ పీకలేదు. మా కంప్యూటర్లన్నీ కలిసే స్విచ్ పెట్టెలో, అన్ని వైర్లలో పోయే సమాచారానికీ నకలు ఒక ఖాళీ పోర్టుకు వచ్చేలా అమర్చి, దానికి తన ల్యాప్‌టాప్ తగిలించాడు. పొయ్యి మీద పాలు కాసే మనిషిలా గంటసేపు కదలకుండా తెర చూశాడు. ఆ గంటా నేను భయంతో నా కంప్యూటర్లో వేరే ఉద్యోగాల ప్రకటనలు వెతుకుతూ కూర్చున్నాను.

చివరికి నన్ను చూపిస్తూ మేనేజరుతో అన్నాడు, "తప్పు ఈ గుంటది కాదండి. మీ గదిలో కంప్యూటరుకే వైరస్ పట్టీసింది. అదే వైర్లన్నీ నింపేస్తంది."

మేనేజరు తన గదివైపు ఓసారి చూసి, "ఆ నకలు అలాగే ఉంచండి. ఎవరేం చేస్తున్నారో నాకు తెలుస్తుంది" అన్నారు.

ఇంజనీరు అప్పటికే దాన్ని తీసేస్తున్నాడు. "జబ్బు దొరికీసింది కదండి. ఇంకేటి ఇంతారు?"

సంచీ భుజాన వేసుకుని నా బల్ల పక్కగా వెళుతూ, నాకొక్కదానికే వినబడేలా అన్నాడు:

"ఇంక ఏరే ఉద్యోగం ఎతకడం ఆపీమ్మా."