కొలత కూడా పనే

ల్యాబ్ సార్ పోయారని ఫోన్ వచ్చినప్పుడు నేను కాలేజీ సర్వర్ ముందు కూర్చుని పొద్దుటి లెక్కలు చూస్తున్నాను. ఫోన్ చేసింది సార్ భార్య. “సార్ పోయిండు బిడ్డా. పొద్దుగాల చాయ్ తాగి, కుర్చీల కూసున్నోడు కూసున్నట్టే పోయిండు,” అంది. “ఎన్ని గంటలకమ్మా?” అని అడిగాను, ఏదో మిషన్ ఆగిపోయిన సమయం రాసుకుంటున్నట్టు. ఫోన్ పెట్టేశాక మిగిలిన అంకెలు కూడా చివరిదాకా చూశాను. ఏడుపు రాలేదు. ఇది రాస్తున్నప్పుడు కూడా రావడం లేదు.

ఇబ్రహీంపట్నం చుట్టూ ఇంజనీరింగ్ కాలేజీలకు కొదవ లేదు. అందులో ఒకదాంట్లో సార్ కంప్యూటర్ ల్యాబ్ ఇన్‌ఛార్జ్. చేపలు పట్టే ఇంట్లో పుట్టి, ఆ ఇంట్లో మొదట డిగ్రీ చదివిన మనిషి. నేను ఆయన కింద అసిస్టెంటుగా చేరాను. ఆయన గురించి చెప్పడానికి మంచి మాటలు చాలా ఉన్నాయి. కానీ ఆయన పేరు మీద ఒక తప్పు ఉండిపోయింది. అది నాది. ఆయన బతికుండగా ఆ ముక్క ఎవరికీ చెప్పలేకపోయాను.

చేరిన వారంలోనే నాకు జర్నల్ గురించి చెప్పారు. సర్వర్ ఏదైనా ఫైలు మార్చే ముందు, తాను ఏం చేయబోతున్నదో డిస్కులో ఒక పక్కన రాసుకుంటుంది. మధ్యలో కరెంటు పోయినా, మళ్లీ లేచాక అది చదువుకుని పని సర్దుకుంటుంది. ఆ రాతే జర్నల్, అది పూర్తవడాన్ని కమిట్ అంటారు. ఒక్కో కమిట్‌కు ఎంతసేపు పడుతున్నదో చూస్తే డిస్కు ఎంత అవస్థ పడుతున్నదో తెలుస్తుంది. “మన దిక్కు కరెంటు సంగతి ఎరుకే గద. గీ జర్నల్ లేకుంటే ఎప్పుడో ఆగమైతుంటిమి,” అనేవారు.

ఆయనకొక అలవాటు. రోజూ పొద్దున అంకెలు చూసేముందు, ఇవాళ కమిట్ సమయం ఎంత ఉంటుందో తాను అనుకున్నది పాత ప్రశ్నపత్రం వెనక పెన్సిల్‌తో రాసేవారు. నాతోనూ రాయించేవారు. ఆ తర్వాతే స్క్రీన్ తెరవాలి. “అంకె చూసినంక అందరికీ తెలివొస్తది. సూడకముందు నీకేం తెలుసో గది చెప్పు,” అనేవారు. నాకు తోచక ఎప్పుడూ ఐదు మిల్లీ సెకన్లు అని రాసేదాన్ని. “నీకు ఐదు తప్ప వేరే అంకె రాదా బిడ్డా?” అని నవ్వేవారు. తన అంచనా తప్పితే ఆయనకు మస్తు సంతోషం. ఎందుకు తప్పిందా అని రోజంతా వెతికేవారు.

నేను చేరిన ఏడే ఆన్‌లైన్ పరీక్షలకు ముందు, సర్వర్ జర్నల్ అంకెలు వరసగా సేకరించమని నాకు చెప్పి సార్ సెలవు పెట్టారు. భార్యకు కంటి ఆపరేషన్. నేను ఉత్సాహంగా ఒక స్క్రిప్టు, అంటే తనంతట తాను నడిచే చిన్న ప్రోగ్రాం, రాశాను. సెకనుకు పదిసార్లు అంకె చదవడం, చదివిన ప్రతిసారీ ఒక లైను రాసి అది వెంటనే డిస్కు మీదకు చేరేలా చేయడం. ఆ లైన్లను రాసింది ఏ డిస్కును కొలుస్తున్నానో అదే డిస్కు మీద. అంటే నా ప్రతి లైనూ జర్నల్‌తో బలవంతంగా ఒక కమిట్ చేయించింది. కమిట్ సమయాలు పెరిగిపోయాయి. డిస్కు చెడిపోతోందని రిపోర్టు రాసి సార్ ఉన్న దవాఖానకు తీసుకెళ్లాను. నా మీద నమ్మకంతో ఆయన చదవకుండానే సంతకం పెట్టారు.

డిస్కు మార్చారు. నా స్క్రిప్టు మాత్రం కొత్త డిస్కు మీద కూడా నడుస్తూనే ఉంది. పరీక్ష నాడు ఆ బరువుకు పిల్లల జవాబులు సేవ్ కాలేదు. ఆ పరీక్ష మళ్లీ పెట్టాల్సి వచ్చింది.

సాయంత్రం సార్ వచ్చి నా పక్కన కూర్చున్నారు. కాసేపు స్క్రీన్ చూసి, “జర నీ స్క్రిప్టు బంద్ చెయ్యి బిడ్డా,” అన్నారు. చేశాను. అంకెలు చూస్తుండగానే కిందికి దిగాయి. “కొలుసుడు గూడ పనే. దాని బరువు గూడ డిస్కు మీదనే పడ్తది,” అన్నారు. అంతే. తిట్టలేదు.

మర్నాడు మీటింగులో కాలేజీ పెద్దలు స్క్రిప్టు ఎవరిదని అడిగారు. నా ఉద్యోగం పర్మినెంటు చేయాలా వద్దా అని తేల్చే నెల అది. నేను నోరు తెరిచి మాట్లాడేలోపే సార్, “నాదే,” అన్నారు. నేను తెరిచిన నోరు మూసుకున్నాను. బయటికి వచ్చాక ఎందుకన్నారని అడిగితే, “సంతకం నాదే గద. సదవకుండ పెట్టిన. గది తప్పు కాదా?” అన్నారు. ఆయన్ను ల్యాబ్ నుంచి తీసి ప్రింటర్ల గదికి పంపారు. ఆయన కుర్చీలో నన్ను కూర్చోబెట్టారు. తర్వాత కూడా వరండాలో కనిపిస్తే, “ఇయ్యాల ఎంత రాసినవ్? ఐదేనా?” అనే అడిగేవారు. నేను నవ్వి తప్పుకునేదాన్ని. సిగ్గుపడాల్సింది ఆ నవ్వుకు.

దినాల నాడు హయత్‌నగర్ నుంచి బస్సులు మారి వాళ్లింటికి వెళ్లాను. షామియానా కింద చుట్టాలు బంతుల్లో తింటున్నారు. సార్ భార్య నన్ను పక్కకు పిలిచింది. చేతిలో నీళ్ల జగ్గు ఉంది.

“ఒక్కటడుగుతా బిడ్డా. పరీక్ష చెడగొట్టిండని అవతల పడేసిండ్రు గద. గంత పెద్ద తప్పు ఎట్ల చేసిండు? ఇంట్ల ఒక్క మాట చెప్పలే. ఆడ కూసున్నోళ్లంత ఇప్పటికీ గదే ముచ్చట పెడ్తుండ్రు.”

“సార్ చెయ్యలేదమ్మా. నేను చేసిన.”

ఆమె జగ్గు కింద పెట్టింది. కొడుతుందేమో అనుకున్నాను. కొట్టినా బాగుండేది. నా చెయ్యి పట్టుకుని బంతుల మధ్యకు నడిపించింది.

“జర ఆగుండ్రి. ఈ పిల్ల ఏమో చెప్తదట, ఇనుండ్రి.”

“ఆ పరీక్ష చెడింది నా వల్ల. సార్ తప్పు కాదు,” అన్నాను.

“ఇనబడలే. గట్టిగ చెప్పు,” అంది ఆమె, చెయ్యి వదలకుండా.

గట్టిగా చెప్పాను. విస్తరాకుల్లో చేతులు ఆగిపోయాయి. సార్ తమ్ముడు నోటిదాకా ఎత్తిన ముద్దను తిరిగి ఆకులో పెట్టాడు.