అందరిళ్లలోనూ ఉందనుకున్న నాటు జొన్న

మొన్న మా జొన్నచేను చూసి మా అత్తగారు గట్టు మీదే కూలబడిపోయారు. పోయినేడాది హైబ్రిడ్ జొన్న విరగపండిందని ఎప్పటిలాగే మంచి కంకులు ఏరి, దూలానికి కట్టి దాచి, ఈసారి అవే విత్తాం. ఒక మొక్క నడుమెత్తు, పక్కది మోకాలెత్తు, సగం కంకులు తాలు.

తిరువూరులో విత్తనాల షాపాయన తేలిగ్గా చెప్పాడు: "హైబ్రిడ్‌ని విత్తనానికి దాచకూడదమ్మా, ఏటా కొత్తది కొనుక్కోవాల్సిందే."

దాచి మళ్లీ విత్తుకోగలిగే పాత నాటు జొన్న కోసం పెనుగొలను, వినగడప ఊళ్లు తిరిగాం. ఎవరింటికి వెళ్లినా ఒకటే మాట.

"మీ ఇంట్లో ఉంటుందిలే అనుకున్నామండీ!"

మేమూ అలాగే అనుకుని, ఉన్న ఆఖరి గింజలు పిండి పట్టించుకుని తినేశాం. మీ ఇంట్లో ఒక్క పాత కంకైనా వేలాడుతుంటే చెప్పండి. మేమొచ్చేదాకా దాన్ని రొట్టె చేసుకోకండి.