కాఫీ బస్తాల స్టూడియో

మొన్న విశాఖపట్నంలో మా స్టూడియోకి కొత్తగా వచ్చిన ఎడిటర్ అమ్మాయి పాత ఎపిసోడ్లు శుభ్రం చేస్తూ, మొదటి సీజన్ ఆఖరి భాగం మాట మధ్యలో తెగిపోయింది సార్, కాస్త సంగీతం వేసి ముగించనా అని అడిగింది. వద్దన్నాను. ఎందుకో చెప్పడానికి నోరు రాలేదు. నేరకథలు చెప్పి బతికేవాడికి నోరు రాకపోవడం వృత్తిరీత్యా నష్టమే గానీ, ఆ పూట అలాగే జరిగింది.

షాపులో మెమొరీ కార్డు నిండా పాటలు వేయించుకున్న మన తరానికి గుర్తుండే ఉంటుంది, పాడ్‌కాస్ట్ అంటే ఏమిటో ఇంట్లోవాళ్ళకి చెప్పడం ఎంత కష్టమో. చింతపల్లి పైన కొండమీది మా ఊళ్ళో, డిగ్రీ అయ్యాక ఏ ఉద్యోగమూ రాక, కాఫీ గింజలు నిలవచేసే గదిలో దూరి నేను ఫోనుతో మాట్లాడుకుంటుంటే, వీడికి పెళ్ళి చెయ్యాలో వైద్యం చేయించాలో తెలియడం లేదని నాన్న అమ్మతో అన్నాడట. చుట్టూ ఎత్తుగా పేర్చిన బస్తాలుండబట్టి ఆ గదిలో గొంతు గింగురుమనేది కాదు. అవి అమ్ముడైపోయాయంటే నూతిలోంచి మాట్లాడినట్టుండేది, దాంతో కార్యక్రమం ఆపేసేవాణ్ణి. సీజన్ల వారీగా విడుదల చేయడం నా వ్యాపార దూరదృష్టి అని ఆ తర్వాత ఓ సభలో ఎవరో పొగిడారు. ఆ దూరదృష్టి వ్యాపారి లారీ వచ్చేదాకానే ఉండేదని నేను చెప్పలేదు.

అప్పట్లో చెప్పినవన్నీ ఎక్కడో నగరాల్లో జరిగిన హత్యలు. వెనక ఉరుముల చప్పుడు, కథలో ఎవరైనా తలుపు తీసేముందు నేను మింగే ఓ గుటక. ఒకరోజు మా పెద్దమ్మ, నాన్న అన్నగారి భార్య, అదే గదిలో ఓ మూల చేటలో మిరియాలు ఏరుకుంటూ అంతా విని, నేను ఆపగానే అడిగింది.

“ఆ సచ్చిపోయిన పిల్లకి అమ్మ ఉందేటి?”

ఉందన్నాను.

“ఇదంతా ఇంటాదేటి ఆవిడ?”

ఈసారి నేను మింగిన గుటక నిజమైనదే.

పెద్దమ్మ ఊరికే అడగలేదు. అంతకుముందు ఓ వానాకాలంలో ఆవిడ కొడుకు, నాకు అన్నయ్య, చింతపల్లి సంతకి వెళ్ళి తిరిగి రాలేదు. పనికోసం పట్నం పారిపోయాడని కొందరు, ఎవరో చంపేశారని కొందరు. మా ఊళ్ళో చనిపోయినవాళ్ళకి ఊరి చివర రాయి నిలబెడతారు. అందాకా వాళ్ళు ఇంటిచుట్టూ తిరుగుతూనే ఉంటారని నమ్మకం. అలాగని బతికున్నవాడికి రాయి నిలబెడితే అంతకన్నా పాపం లేదు. అందుకని ఆవిడ ఓ రాయి తెప్పించి, నిలబెట్టలేక, పారెయ్యలేక, కంచె పక్కన పడుకోబెట్టి ఉంచింది. వాన పడితే దానిమీద గోనె కప్పేది.

అన్నయ్య సంగతి నా కార్యక్రమంలో చెప్పమని ఆవిడే అడిగింది. ఉరుములు వెయ్యకూడదు, చచ్చిపోయాడనకూడదు, బతికున్నాడనీ అనకూడదు. ఇవన్నీ తీసేస్తే నేరకథలో మిగిలేది వాతావరణ సూచనే అనుకున్నాను గానీ, ఆవిడ ముందు ఫోను పెట్టాను. చేతిలో పనుంటేనే ఆవిడకి మాట వచ్చేది, చెయ్యి ఆగితే మాటా ఆగేది. అందుకే ఆ ఎపిసోడంతా ఆవిడ గొంతు వెనక చేటలో మిరియాలు దొర్లుతుంటాయి. వాడు తొడుక్కున్న చొక్కా రంగు చెప్పింది, నడక చెప్పింది, ఆఖర్న, “సంతలో దబర గిన్ని తెమ్మన్నది నానే. బేగి రా నాయినా అన్నాను” అంది.

కాఫీ బస్తాలు తరిగిపోతున్న రోజుల్లో, ఆ ఎపిసోడ్ విని ఓ లారీ డ్రైవరు ఫోను చేశాడు. అంతకుముందు అతను మా ఘాట్ రోడ్డులో జీపు తోలేవాడట. ఆ సంత రోజు సాయంత్రం గెడ్డ, అదే మా కొండవాగు, పొంగి నీళ్ళు రోడ్డెక్కితే జీపు ఆపేశాడు. అందరూ అందులోనే కూర్చున్నారు గానీ, ఒక్క కుర్రాడు మాత్రం కొత్త దబర నెత్తిమీద బోర్లించుకుని, అమ్మ బేగి రమ్మందని నవ్వుతూ అడ్డదారిన దిగిపోయాడు. ఇల్లు చేరాడనే అనుకున్నాడు డ్రైవరు. ఊళ్ళో మగవాళ్ళందరం గెడ్డ వెంట కిందిదాకా వెతికాం. బండరాళ్ళ సందులో సొట్టపోయిన దబర దొరికింది, ఎముకలు దొరికాయి. అవి అన్నయ్యవేనని పోలీసులు పరీక్ష చేయించి తేల్చారు.

నా శ్రోతలు బాగా నిరాశపడ్డారు. డ్రైవరు మీద మీకు అనుమానం రాలేదా అని ఒకాయన రాశాడు. గెడ్డని అరెస్టు చేయడం కుదరలేదని జవాబిచ్చాను.

రాయి నిలబెట్టిన రోజు నేను ఫోను పట్టుకుని పక్కనే ఉన్నాను. పెద్దమ్మ ఆ దబరలో చోడి అంబలి పోసి రాయి ముందు పెట్టి కూర్చుంది. చేతుల్లో ఏ పనీ లేకుండా ఆవిడ మాట్లాడగా చూడ్డం నాకదే మొదలు.

“ఒచ్చీసినావా నాయినా” అంది.

తర్వాత నావైపు చూడకుండానే, “ఆపీరా. ఇంక ఇది ఆడికీ నాకూ” అంది. ఆవిడ మాట పూర్తికాకముందే నా వేలు రికార్డింగ్ ఆపే బొత్తాం మీద పడింది. ‘ఇంక ఇది’ దాకా ఫోనులో ఉంది, మిగతాది నా దగ్గరుంది.

ఇప్పుడు మా స్టూడియో గోడలకి స్పాంజి అతికించి ఉంది. దాన్ని ఏ వ్యాపారీ కొనుక్కుపోడు కాబట్టి ఏడాది పొడవునా మాట్లాడుతూనే ఉంటాం. కిందటేడు పెద్దమ్మకీ రాయి నిలబెట్టాం, ఫోను ఇంట్లో వదిలి వెళ్ళాను. ఇంక చాలని చెప్పే లారీ ఎలాగూ రాదు, చెప్పే మనిషీ లేదు.