పళ్లున్న పక్షిని చూపించిన సారు

మా జువాలజీ సారు పోయారని మొన్న పొద్దున ఫోను వచ్చింది. బడంగ్‌పేట్‌లో ఆయన ఇంటికి వెళ్లి దండం పెట్టి తిరిగొస్తుంటే, దిల్‌సుఖ్‌నగర్‌లో ఆయనను ఉద్యోగంలోంచి వెళ్లగొట్టిన కోచింగ్ సెంటరు గేటుకు సంతాపం ఫ్లెక్సీ కనిపించింది. దాని మీద చేతులు జోడించిన డైరెక్టర్ నిలువెత్తున ఉన్నాడు. కింద ఓ మూల సారు. ఆయన కింద 'అడ్మిషన్లు జరుగుచున్నవి'. చచ్చినవాడి కళ్లు చారెడంటారు కదా, ఈ మహానుభావుడు ఆ చారెడూ అమ్మకానికి పెట్టాడు.

నేను సారు దగ్గర చదివింది అక్కడే. ఆయన చొక్కా జేబులో ఎప్పుడూ రంగు చాక్‌పీసులు ఉండేవి, జేబు అడుగంతా నీలం మరక. ఒకరోజు బోర్డు నిండా ఓ పక్షిని గీశారు. డైనోసార్ల కాలంలో సముద్రంలో మునిగి చేపలు పట్టుకు తిన్న పక్షి అట. ఇప్పుడు రాళ్లలో ఎముకలే దొరుకుతాయి. ముక్కులో వరసగా పళ్లు, రెక్కలు మాత్రం ఉన్నాయంటే ఉన్నాయి. మేం నవ్వాం.

"ఎగురుడు రాదని నవ్వుతున్నరా? దానికి కావాల్సిన చేప ఆకాశంల లేదు గద," అన్నారు సారు.

అప్పుడే డైరెక్టర్ తలుపు దగ్గరికొచ్చాడు. "గిది ఎంట్రన్స్‌ల ఒస్తదా సార్?"

"రాదు. అయినా పిల్లల్ని జర చూడనియ్యుండ్రి."

మర్నాటి నుంచి సారు రాలేదు. ఆయనకు పాఠం చెప్పడం రాదని డైరెక్టర్ చుట్టుపక్కల సెంటర్లన్నిటికీ చెప్పాడు. ఎవరూ ఉద్యోగమివ్వలేదు. సారు ఇంట్లో ట్యూషన్లు చెప్పుకుని బతికారు. ఈరోజు ఎల్బీనగర్‌లో నేను జువాలజీ చెబుతున్నానంటే ఆ బొమ్మ వల్లే.

"పోనీ బిడ్డా, ఎవని పాపాన వాడే పోతడు," అనేవారు సారు. వాడు పోయేదాకా ఆగే ఓపిక నాకు లేదు. నాకు కడుపు మండుతోంది, ఆ సంగతి దాచుకోను.

నిన్న పొద్దున్నే నల్లరంగు డబ్బాతో ఆ గేటు దగ్గరికి వెళ్లాను. సారును ఎరిగిన పాత వాచ్‌మన్ నిచ్చెన తెచ్చి పట్టుకున్నాడు. ఫ్లెక్సీ దించి, సారు ఫొటో జాగ్రత్తగా కత్తిరించి బ్యాగులో పెట్టుకున్నాను. మిగిలినదాన్ని తిరగేసి, తెల్లటి వెనకవైపు ఆ పక్షిని గీశాను. పళ్ల మధ్య చేపను పెట్టి, చేపకు డైరెక్టర్ కళ్లద్దాలు, డైరెక్టర్ మీసం పెట్టాను. మళ్లీ కట్టేశాం.

క్లాసులకొచ్చిన పిల్లలు చుట్టూ మూగి ఫోన్లు తీస్తుండగా డైరెక్టర్ కారు దిగాడు. తలెత్తి చూశాడు.

"తియ్యి దాన్ని," అన్నాడు.

"నిచ్చెన లేదు సార్," అన్నాడు వాచ్‌మన్, గోడకున్న నిచ్చెనకు వీపు ఆనించి.

గాలికి ఫ్లెక్సీ ఉబ్బినప్పుడల్లా పక్షి నోరు కాస్త తెరుచుకుని, ఆ కళ్లద్దాల చేప మీద మళ్లీ మూసుకుంటోంది.